పెట్టె మీద ‘గేమింగ్’ అని ఉంటే చాలా?

చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడగండి, సికింద్రాబాద్ సీటీసీలో అడగండి, పుదుచ్చేరి నెహ్రూ వీధిలో అడగండి, జవాబు ఒకటే. "ఆటలకా? అయితే గేమింగ్ హెడ్‌సెట్టే తీసుకోండి సార్." వెనకే మంత్రంలా నాలుగు ముక్కలు వస్తాయి: 7.1 సరౌండ్, 50 ఎంఎం డ్రైవర్లు, రంగులు మారే లైట్లు, మడిచి పెట్టుకునే మైకు. కొనడానికి వచ్చిన కుర్రాడికి అవి ముందే కంఠతా వచ్చు గనుక బేరం అక్కడితో ముగుస్తుంది. హెడ్‌ఫోన్ ఒకటి, మైకు ఒకటి విడివిడిగా కొంటానంటే, వీడెవడో పాటలు వినేవాడనో, యూట్యూబ్ ఛానెల్ పెట్టబోతున్నాడనో అనుకుంటారు తప్ప ఆటగాడి కింద లెక్కెయ్యరు. ఈ నమ్మకం తప్పని నా వాదన. కంప్యూటరు మీద ఆడేవాడికి, అందులోనూ మనలాంటి ఉక్కపోత ఊళ్లలో ఆడేవాడికి, అది డబ్బు దండగ. పైగా జట్టులో మిగతా నలుగురికీ తలనొప్పి.

ముందు 7.1 సంగతి తేల్చుకుందాం. మనిషికి చెవులు రెండే. ఎడమ పక్క అడుగుల చప్పుడైతే అది ఎడమ చెవికి ముందు, కుడి చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి తల చుట్టి రావడానికి పట్టే ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త తేడానూ, రెండు చెవుల్లో పడే మోతల తేడానూ పట్టుకునే మెదడు దిక్కు చెబుతుందని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ముందా వెనకా, పైనా కిందా అన్నది చెవి డొప్ప మడతలు శబ్దాన్ని మార్చే తీరును బట్టి తెలుస్తుంది. వీటన్నిటినీ కలిపి గణితంగా రాసుకున్నదే హెచ్‌ఆర్‌టీఎఫ్. ఆ లెక్క కట్టగలిగినది ఆట ఒక్కటే. శత్రువు ఏ గోడ వెనక, ఏ అంతస్తులో, ఎంత దూరంలో ఉన్నాడో దానికే తెలుసు. కౌంటర్ స్ట్రైక్‌లోనూ వాలరెంట్‌లోనూ ఈ సదుపాయం ఆటలోనే ఉంది. విండోస్ 10లో 2017 నుంచి విండోస్ సోనిక్ ఉచితంగా వస్తోంది. వీటికి కావలసింది ఎడమ ఒకటి, కుడి ఒకటి, సరిగ్గా పలికే రెండు డ్రైవర్లు. అంతే.

మరి హెడ్‌సెట్ పెట్టెలో అమ్మే 7.1 చేసే పనేమిటి? ఏడు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ ఉద్దేశించిన శబ్దాన్ని ఆట నుంచి తీసుకుని, తీగ మధ్యలోనో చిన్న డాంగిల్‌లోనో ఉన్న చిప్పు దాన్ని మళ్లీ రెండుకు కుదిస్తుంది. ఆ ఏడు స్పీకర్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు ఊహించుకున్నవి. మేడ మీద నడిచేవాడూ కింద నడిచేవాడూ వాటికి ఒకటే. పైగా ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ పెట్టి, హెడ్‌సెట్ మీద 7.1 బొత్తాం కూడా నొక్కితే, అమ్మ ఉప్పు వేసిన కూరలో అత్త వచ్చి మళ్లీ ఉప్పు వేసినట్టే. చాలామంది కుర్రాళ్లు ఈ రెండూ కలిపి ఆడుతూ, చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియట్లేదని ఇంకా ఖరీదైన హెడ్‌సెట్ కోసం డబ్బు కూడబెడుతుంటారు. ఒకప్పుడు రేజర్ టియామాట్ లాంటివాటిలో చెవికి ఐదు చొప్పున నిజంగానే పది డ్రైవర్లు కూరి అమ్మారు. తల బరువు తప్ప పెద్దగా ఒరిగింది లేదు, ఆ జాతి నిలవలేదు. ఇవాళ 7.1 పేరుతో అమ్మేవి దాదాపు అన్నీ రెండు డ్రైవర్లవే.

50 ఎంఎం అన్నది డ్రైవరు వ్యాసం, నాణ్యత కాదు. 10 నుంచి 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందని పెట్టె మీద అచ్చేస్తారు. మనిషి చెవికి వినబడేదే 20 నుంచి 20,000, వయసు పెరిగేకొద్దీ పైది తగ్గుతూ పోతుంది. వీటి గురించి ఇంతకుమించి రాయడం దండగ.

ఈ రంగంలో మంచి పేరున్న హెడ్‌సెట్టూ ఉంది, కాదనను. హైపర్‌ఎక్స్ క్లౌడ్‌ను ఏళ్ల తరబడి జనం మెచ్చుకుంటూనే ఉన్నారు. కానీ దాని పుట్టుక తెలుసా? చైనాలో తాక్‌స్టార్ అనే కంపెనీ స్టూడియో పనికోసం చేసిన ప్రో 80 అనే మామూలు హెడ్‌ఫోనే దానికి మూలం. దానికి మైకు తగిలించి, పేరు మార్చి తెచ్చారు. అంటే గేమింగ్ హెడ్‌సెట్లలో మేలిరకం అనిపించుకున్నది కూడా మంచి హెడ్‌ఫోన్ కావడం వల్లే అలా అనిపించుకుంది.

"మరి ప్రపంచ ఛాంపియన్లు పెట్టుకునేవి చూడండి" అంటారు. చూద్దాం. కౌంటర్ స్ట్రైక్ పెద్ద టోర్నమెంట్ల వేదిక మీద ఆటగాళ్ల చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు దూర్చి ఉంటాయి. ఆట వినేది వాటిలో. పైన బోర్లించిన పెద్ద హెడ్‌సెట్ వేల మంది ప్రేక్షకుల కేకలు లోపలికి రాకుండా ఆపడానికి. అందులో కావాలనే ఒక హోరు వేస్తారు. జట్టుతో మాట్లాడే మైకు కూడా దానిదే. చెవి మీది పేరు కెమెరాకు చక్కగా కనబడుతుంది, కంపెనీ ఇచ్చే డబ్బు దానికే. మన కుర్రాడు ఆ పైదాన్ని చూసి కొంటాడు. కింద ఉన్నదాని గురించి అతనికి ఎవరూ చెప్పరు.

ఇక మైకు. అసలు గొడవంతా ఇక్కడే.

మా అరియాంకుప్పం పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రోడ్డు మీది ఊరు. ఆ బస్సుల హారన్లు ఎలా ఉంటాయో విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, విననివాళ్లు అదృష్టవంతులు. ఆడి మాసం వస్తే వీరాంపట్టణం అమ్మవారి ఉత్సవాల మైకుసెట్లు. ఏడాదిలో పది నెలలు ఫ్యాను ఆపితే గదిలో కూర్చోలేం. మా మేడ మీద యానాం కుర్రాళ్లిద్దరు అద్దెకున్నారు. యానాం కూడా ఈ పుదుచ్చేరి ప్రభుత్వం కిందిదే కాబట్టి 800 కిలోమీటర్లకు పైగా దూరమైనా చదువులకు అక్కడి పిల్లలు ఇటు వస్తుంటారు. రాత్రి తొమ్మిది దాటాక వీళ్ల జట్టు కూడుతుంది. ఒకడు కాకినాడలో, ఇంకొకడు హైదరాబాదులో, మరొకడు న్యూజెర్సీలో. ఒక రాత్రి స్పీకర్లోంచి కాకినాడ వాడి గోల వినబడింది: "ఒరేయ్, ముందు ఆ రైసు మిల్లు ఆపరా బాబూ!" రైసు మిల్లు కాదది, మా సీలింగ్ ఫ్యాను.

ఆ ఇద్దరిలో ఒక కుర్రాడి దగ్గరున్నది పేరున్న గేమింగ్ హెడ్‌సెట్టే. పెట్టె మీద ‘నాయిస్ క్యాన్సిలింగ్ మైకు’ అని కూడా ఉంది. విండోస్‌లో ఉండే సౌండ్ రికార్డర్ తెరిచి, "మెట్ల కింద ఉన్నాడు, ఎడమ పక్క చూడు" అని మామూలు గొంతుతో అనమన్నాను. తిరిగి వింటే ముందు రెండు క్షణాలు గాలి హోరు, తర్వాత రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మాట, మాట ఆగీ ఆగగానే హోరు మళ్లీ పైకి లేచింది. కారణాలు రెండు. మడత మైకు పొట్టిది, దాని కొస బుగ్గ దగ్గరే ఆగిపోయింది, పెదవుల దాకా రాలేదు. రెండోది, తీగలోని చిప్పు శబ్దం తగ్గిందనుకున్నప్పుడల్లా తనంతట తానే మైకు బలం పెంచేస్తోంది. మనిషి ఊరుకున్నప్పుడు గదిలో ఉండేది ఫ్యానే కదా. తర్వాత నా దగ్గరున్న డైనమిక్ యూఎస్‌బీ మైకును చేతిస్టాండుకు బిగించి, నోటికి బెత్తెడు దూరంలో పెట్టి అదే మాట అనిపించాం. ఫ్యాను ఐదో నంబరు మీదే తిరుగుతోంది. రికార్డింగులో అదెక్కడో పక్కింట్లో తిరుగుతున్నట్టుంది. "ఆయ్, మాట తేటగా వినపడతందండి బాబాయ్ గారూ" అన్నాడు. కాకినాడ వాడి గోల ఆ రాత్రి నుంచి లేదు.

ఇందులో మాయేమీ లేదు. ఆరుబయట మైకుకూ నోటికీ మధ్య దూరం సగమైతే గొంతు బలం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చిన్న గదిలోనూ నోటికి దగ్గరగా ఉన్నంత మేర ఇంచుమించు అంతే. మూరెడు దూరాన్ని బెత్తెడుకు తెస్తే ఆరు రెట్లు దగ్గరైనట్టు, అంటే 15 డెసిబెల్స్ పైన లాభం. ఫ్యాను మాత్రం ఎక్కడున్నది అక్కడే. అందుకే హెడ్‌సెట్‌కు న్యాయంగా ఇవ్వాల్సిన మార్కు ఒకటుంది: నోటి ముందుకు వచ్చే కడ్డీ మైకు ఆలోచన మంచిది. విమానం నడిపేవాళ్లూ, క్రికెట్ వ్యాఖ్యాతలూ వాడేది అందుకే. కాని ఆ మేలు కడ్డీది, మిగతా పెట్టెది కాదు. ఇష్టమైన హెడ్‌ఫోన్‌కు అయస్కాంతంతో అతికించుకునే యాంట్‌లయన్ మాడ్‌మైక్ ఉంది, తీగ ఊడివచ్చే హెడ్‌ఫోన్లకు తగిలించే వీ-మోడా బూమ్‌ప్రో ఉంది. కడ్డీని కొనుక్కోండి, పెట్టెను దుకాణంలోనే వదిలేయండి.

విడివిడిగా కొనమన్న ప్రతి సలహా కూడా మంచిదేం కాదు, ఈ మాట మన పక్షం వాళ్లకు. అమెరికా నుంచి దిగుమతి అయిన సలహా ఒకటి కొన్నేళ్లుగా మన కుర్రాళ్ల నోళ్లలో తిరుగుతోంది: తెరిచిన వీపు (ఓపెన్ బ్యాక్) హెడ్‌ఫోన్ కొనండి, బ్లూ యెతి లాంటి కండెన్సర్ మైకు బల్ల మీద పెట్టండి అని. కింద కార్పెట్ పరిచి, కిటికీలు బిగించి, ఏసీ సన్నగా నడిచే గదిలో అది మేలైన సలహానే. ఇక్కడ మొజాయిక్ నేల, తెరిచిన కిటికీ, నెత్తిన ఫ్యాను. 2009లో వచ్చిన యెతి మైకు మంచిదే, కానీ దాని సొంత స్టాండు మీద కీబోర్డు పక్కన పెడితే మీటలు దానికి జానెడు దూరం, నోరు మూరెడు పైనే. జట్టుకు మీ మాటకంటే మీ మీటల టకటకే ముందు వినబడుతుంది.

అక్కడి నుంచి ఇంకో మూఢనమ్మకం పుట్టింది, కండెన్సర్‌కు ఫ్యాను పడుతుంది, డైనమిక్‌కు పడదని. ఇదీ నిజం కాదు. రెండూ ఒకే దూరంలో, ఒకే దిశలో వినేవైతే, గొంతు మట్టం సమానం చేసి చూస్తే ఫ్యాను రెండింట్లోనూ ఇంచుమించు ఒకేలా పడుతుంది. డైనమిక్ గెలిచినట్టు కనబడడానికి కారణం, దానికి శక్తి తక్కువ గనుక చచ్చినట్టు దగ్గరికి వెళ్లి మాట్లాడాల్సి రావడమే. అసలు చూసుకోవలసింది మైకు ఎటు చూస్తోందన్నది. కార్డియాయిడ్ మైకుకు ముందు బాగా వినబడుతుంది, వెనక చెవుడు. కింది నుంచి నోటివైపు ఎత్తి పెడితే దాని ముఖం తిన్నగా సీలింగ్ ఫ్యానును చూస్తుంది. పై నుంచి దించితే కీబోర్డును చూస్తుంది. పక్క నుంచి తెచ్చి పెదవి కొసకు కాస్త ఎడంగా నిలిపితే రెండూ తప్పుతాయి, ‘ప’, ‘ఫ’ పలికినప్పుడు ఊపిరి కొట్టడమూ తగ్గుతుంది. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా నురుగు టోపీ ఒకటి తొడగాలి. ఇంత చేశాక మిగిలిన హోరును సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది. 2017లో వచ్చిన ఆర్‌ఎన్‌నాయిస్ ఉచితం, డిస్కార్డ్‌లో క్రిస్ప్ ఉంది, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డున్నవాళ్లకు 2020లో మొదలైన ఆర్‌టీఎక్స్ వాయిస్ వారసుడు బ్రాడ్‌కాస్ట్ ఉంది. హోరు మరీ ఎక్కువగా ఉంటే మాత్రం ఇవి దాంతోపాటు మాట చివర్లు కూడా మింగేస్తాయి.

తెరిచిన వీపు హెడ్‌ఫోన్ల మీద నాకు కోపమేం లేదు. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో అవి మొదలయ్యాయి. ఇవాళ్టి ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ 9500, హెచ్‌డీ 560ఎస్ లాంటివి పెట్టుకుంటే చెవులకు గాలి ఆడుతుంది, శబ్దం విశాలంగా ఉంటుంది. నిశ్శబ్దమైన గది ఉన్నవాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు. మాలాంటి గదిలో అవి ఫ్యాను హోరునూ బస్సు హారన్‌నూ ఉన్నవున్నట్టు లోపలికి పంపుతాయి. వాటిని మించి అడుగుల చప్పుడు వినాలంటే వాల్యూం పెంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ మోతను పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి చేరితే ఆ కోటా వారానికి 4 గంటలే. రోజూ రాత్రి రెండేసి గంటలు ఆడేవాడికి నాలుగు గంటలు మంగళవారానికే అయిపోతాయి.

అందుకని ఈ వాతావరణానికి నా ఓటు చెవి లోపల పెట్టుకునే తీగ ఇయర్‌ఫోన్లకే. మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ సాల్నోట్స్ జీరో లాంటివి రెండు వేల చుట్టుపక్కల దొరుకుతున్నాయి. సరైన సైజు రబ్బరు తొడుగు పెట్టుకుంటే బయటి మోత చాలావరకు అక్కడే ఆగుతుంది, వాల్యూం తగ్గించుకోవచ్చు. చెవి చుట్టూ చెమట పట్టదు. ఒక చిక్కుంది: మన గొంతు మనకు మూసుకుపోయినట్టుండి తెలియకుండానే అరుస్తాం, అర్ధరాత్రి పక్క గదిలో పెద్దవాళ్లు లేస్తారు. ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం ఉన్న యూఎస్‌బీ మైకు తీసుకుంటే మన మాట మన చెవిలో పడుతుంది, గొంతు దానంతట అదే తగ్గుతుంది.

చెమట మాట వచ్చింది కాబట్టి చెవి దిండ్ల సంగతి. కృత్రిమ తోలు తొడిగిన హెడ్‌సెట్‌ను సముద్రపు గాలిలో ఏడాది వాడి చూడండి. తోలు పగిలి, తీసినప్పుడల్లా చెవుల చుట్టూ, మెడ మీద నల్లటి పొట్టు అంటుకుంటుంది. తీగ చివర పిన్ను పచ్చగా మారి, తిప్పితే తప్ప ఒక చెవి పలకదు. మా ఊరి చివరే అరికమేడు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించిన చోటు. రెండు వేల ఏళ్ల నాటి గాజు పూసలు ఇదే తేమ మట్టిలోంచి రంగు తగ్గకుండా బయటపడ్డాయి. మన చెవి దిండు రెండు వానాకాలాలు ఆగదు. విడి హెడ్‌ఫోన్‌కైతే దిండ్లు, తీగ మార్చుకోవచ్చు. పేరెందుకు గాని, ఒక కంపెనీ హెడ్‌సెట్‌కు మడత దగ్గర ప్లాస్టిక్కు విరిగితే, బాగున్న మైకుతో సహా మొత్తం పారేసి కొత్తది కొనమన్నారు. ఒకే ఒంటికి రెండు పనులు అప్పగిస్తే ఇదే బాధ, ఒకటి చెడితే రెండూ పోతాయి.

తీగ లేనిదైతే హాయి అనేవాళ్లు బ్లూటూత్ కథ వినాలి. పాటలు వింటున్నంతసేపు మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ బాగానే పలుకుతుంది. మైకు తెరిచిన మరుక్షణం అది ఫోను మాట్లాడే పద్ధతిలోకి దిగుతుంది. ఎడమ కుడి కలిసి ఒకటే అవుతాయి, శబ్దం పై సగం తెగిపోతుంది. పాతకాలపు కోడెక్ అయితే ‘స’కూ ‘శ’కూ ‘ఫ’కూ తేడా చెప్పలేం. దిక్కు తెలియని హెడ్‌సెట్‌తో వాలరెంట్ ఆడడం దేనికి? సొంత 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చేవి నయం, వాటి ధర వేరే లోకం.

ఒకటే తీగ, ఒకటే పెట్టె, సుఖం కదా అన్న వాదన ఒక్కటే చివరికి మిగులుతుంది. నిజమే, పిన్నుల గందరగోళం ఉంది. డెస్క్‌టాప్ వెనక పచ్చ రంధ్రం చెవికి, గులాబి రంధ్రం మైకుకు. ల్యాప్‌టాప్‌లో రెంటికీ కలిపి ఒకటే. కాలరుకు గుచ్చుకునే బోయా బీవై-ఎం1 ఆరు మీటర్ల తీగతో చవగ్గా వస్తుంది, కాని ఫోను కోసం చేసిన దాని పిన్ను గులాబి రంధ్రంలో నేరుగా పనిచెయ్యకపోవచ్చు, చిన్న అడాప్టరు కావాలి. యూఎస్‌బీ మైకైతే ఈ బెడదే లేదు. కంట్రోలర్‌కు ఒక్క రంధ్రమే ఉన్న కన్సోల్ వాళ్లకూ, తీగలు తెంపే వయసు పిల్లలకూ హెడ్‌సెట్టే మేలు, వాళ్లతో నాకు పేచీ లేదు. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి మాత్రం ఆ సుఖం ఖరీదు ఐదారు వేలు. ఆ డబ్బుతోనే రెండు వేల ఇయర్‌ఫోన్ ముందు, మైకు రెండు నెలల తర్వాత కొనుక్కోవచ్చు. అందాకా పాత ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్ తీగ మీది మైకును పెదవి దగ్గర పట్టుకుని మాట్లాడినా మా మేడ మీది హెడ్‌సెట్ కంటే నయమే.

ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు లైట్లు చూపించొద్దనండి. షాపులో ఫ్యాను తిరుగుతుండగా ఆ మైకుతో పది సెకన్లు రికార్డు చేసి వినిపించమనండి. వినిపించనంటే డబ్బు జేబులోనే ఉంచుకుని బయటికి రండి.